కొత్త పట్వారీకి కండ్లున్నయి, చెవుల్లేవు

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు మన వాడల్లో పెద్దలు సంబరపడ్డారు. ఊరి భూమినంతా ఒక దఫ్తరులో మూటగట్టి చంకన పెట్టుకొని తిరిగిన పట్వారీ పెత్తనం పోయిందనుకున్నారు. పహాణీలో ఆయన రాసిందే భూమి. రాయకపోతే తాత ముత్తాతలు దున్నినా అది మన భూమి కాదు. రాసిందేమిటో మనకు చదువు రాదు, ఆయన చదివి వినిపించడు. ఆయన అధికారమంతా ఆ వినిపించకపోవడంలోనే ఉండేది.

నలభై ఏండ్లు దాటినయ్. పట్వారీ మళ్లీ వచ్చిండు. ఈసారి ధోతి లేదు, రుమాలు లేదు, చంకన దఫ్తరు లేదు. సర్వర్ అనే పేరుతో ఏసీ గదిలో కూసున్నడు. పండక్కి కోడిపుంజు అడగడు, పాలు పెరుగు అడగడు. కాళ్లు మొక్కే బాధ కూడా తప్పింది, మొక్కుదామన్నా కాళ్లు లేవు. ఈ కొత్త పట్వారీకి వెయ్యి కండ్లు. వేలిముద్ర చూస్తడు, ముఖం చూస్తడు, కనుపాప చూస్తడు, కరెంటు బిల్లు చూస్తడు. ఒక్క చెవి మాత్రం లేదు. చెప్పుకుంటే వినడు. ఆయన కింద పనిచేసే మనుషులను అడిగితే ఒకటే జవాబు: ‘కంప్యూటర్‌లో అట్లనే వస్తుంది.’

మేం ఈ మాటలు రాస్తున్నది అడవిలోని గూడెంలో కూర్చొని కాదు. గోపన్‌పల్లిలో. 1998 నవంబరులో మాదాపూర్‌లో ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్ల పొలాలు అద్దాల మేడలైనయ్. మనోళ్లకు ఆ మేడల్లో పని దొరికింది, కాదనం. తుడిచే పని, కడిగే పని, గేటు దగ్గర నిలబడే పని. పెద్ద పెద్ద అపార్టుమెంట్లలో పనికి పోయే మన అక్కచెల్లెళ్ల ఫోటో, ఫోన్ నంబరు గేటుకాడి యాప్‌లో ఎక్కిస్తరు. ఎన్నింటికి లోపలికి పోయింది, ఎన్నింటికి బయటికి వచ్చింది, అన్నీ నమోదు. పోయేటప్పుడు సంచి చూపియ్యాలె. కొన్ని చోట్ల పనోళ్లకు లిఫ్టు కూడా వేరే. ఒకప్పుడు హోటల్లో మనకు గ్లాసు వేరే ఉండేది. గ్లాసు నుంచి లిఫ్టు దాకా వచ్చినం. దీన్నే అభివృద్ధి అంటరేమో.

సర్కారు పట్వారీ సంగతి చూద్దాం. తెలంగాణలో దాని పేరు ‘సమగ్ర వేదిక’. పేరు వింటే సాహిత్య సభ అనుకుంటరు. కాదు, అది ఒక కంప్యూటర్ వ్యవస్థ. రవాణా శాఖ, విద్యుత్ శాఖ, మున్సిపాలిటీ, ఇంకా అనేక శాఖల రికార్డులు ముందర వేసుకొని, ఈ పేరు ఆ పేరు ఒకటేనా, ఈ చిరునామా ఆ చిరునామా ఒకటేనా అని జత కలుపుతుంది. రేషన్ కార్డు ఉన్న మనిషి పేరు మీద కారుందని దానికి తోస్తే, ఆ ఇల్లు పేదిల్లు కాదని చెబుతుంది. తోస్తే చాలు. ఇంటికి పోయి చూడదు. దానికి కాళ్లు లేవని ముందే చెప్పినం గదా.

2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షల 60 వేలకు పైగా రేషన్ కార్డులు రద్దయినయ్. ముందు నోటీసు లేదు. దుకాణానికి పోయి వరుసలో నిలబడ్డాక గాని కార్డు పోయిందని మనోళ్లకు తెలువలేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా పోతే, 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమని ఆదేశించింది. క్షేత్రస్థాయి అంటే ఏమిటి? మనిషి నడిచి పోయి, తలుపు కొట్టి, పొయ్యి చూసి, మాట వినడం. 4 లక్షల 91 వేల మందికి పైగా మళ్లీ చూడండని దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ జులై నాటికి చూసిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని అధికారులే ఒప్పుకున్నారు. నూటికి ఏడున్నర. మిగతా వాళ్లంతా కార్లలో తిరిగే షావుకార్లేనని మేం నమ్మం, కాని ఆ లెక్కనే తీసుకుందాం. బడిలో ఒక పంతులు నూరు మంది పిల్లల్లో ఏడెనిమిది మందిని తప్పు చేయకుండానే రోజూ అన్నం బంద్ పెట్టి బయట నిలబెడితే ఊరు ఊరుకుంటదా? కంప్యూటర్ నిలబెడితే మాత్రం అది ‘సాంకేతిక పొరపాటు’.

హైదరాబాద్‌లో ఒక రిక్షా తొక్కే మనిషి ఇంటికి కారుందని ఈ వ్యవస్థ తేల్చింది. పేరు కలిసిందట! పేర్లు కలవకేం చేస్తయి? మన వాడల్లో ఎల్లయ్యలెందరు, పోచమ్మలెందరు, లక్ష్ములెందరు? వాడకంతా ఒకటే ఇంటిపేరు. ఎల్లయ్య అనే పేరును ఇంగ్లీషులో ఒకడు ‘వై’తో మొదలుపెడతడు, ఒకడు ‘ఈ’తో మొదలుపెడతడు. బడిలో పంతులుకు తోచినట్టు, ఆధార్ సెంటర్లో పిల్లగానికి తోచినట్టు, ఓటరు లిస్టులో ఇంకొకరికి తోచినట్టు. ఒక మనిషి మూడు పేర్ల మనిషయిండు. పుట్టిన తేదీలు ఇంకా వింత. బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలువని పిల్లలకు జూన్ ఒకటో తారీఖు రాయడం మన పంతుళ్ల పాత ఆనవాయితీ. కంప్యూటర్ లెక్కన మన వాడలో సగం మంది ఒకటే రోజు పుట్టినట్టు! పెద్దింటోళ్లకు పాస్‌పోర్టులో, పట్టాలో, బ్యాంకులో ఒకటే పేరు, ఒకటే తేదీ. అట్ల ఉండటానికి వాళ్లకు మూడు తరాల చదువుంది. యంత్రానికి కులం లేదంటరు. నిజమే. కాని అది తినే కాయితాలకుంది.

ఇక మా ఊరి పక్కన జరిగిన ముచ్చట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు. 2003లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఆటల అకాడమీ కడతమన్న ఒక కంపెనీకి కేటాయించింది. దానికి బదులుగా యూనివర్సిటీకి 2004లో ఈ గోపన్‌పల్లిలోనే 397 ఎకరాలు చూపినమని సర్కారు వాదన. 2006లో ఆ కేటాయింపు రద్దయింది, ఏండ్లకేండ్లు కేసు నడిచింది, 2024లో సర్కారు గెలిచింది. 2025 మార్చి 30న, ఉగాది పండగ పూట, బుల్‌డోజర్లు దిగినయ్. అడ్డుపోయిన విద్యార్థులను పోలీసులు ఈడ్చుకపోయి వ్యాన్లలో ఎక్కించిన్రు. రోహిత్ వేముల చదివిన యూనివర్సిటీ అది. 2016 జనవరి 17 నాడు అతని చావును చూసిన పిల్లల తమ్ముళ్లూ చెల్లెండ్లూ వీళ్లు. పోలీసు వ్యాను వీళ్లకు కొత్త కాదు.

జింకలు ఉరుకుతున్న ఫోటోలు, నెమళ్లు అరుస్తున్న వీడియోలు ఫోన్లలో తిరిగినయ్. అప్పుడు సర్కారు ఏమన్నది? ఇవన్నీ ఏఐ బొమ్మలు, కృత్రిమ మేధతో చేసిన మాయ అన్నది. విచారణకు ఆదేశించింది. జపాను కార్టూన్ తీరున గీసిన ఒక బొమ్మను మళ్లీ పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా పోలీసులు నోటీసిచ్చిన్రు. తిరిగిన బొమ్మల్లో కొన్ని కంప్యూటర్‌లో చేసినవే, ఆ మాట దాచం. అబద్ధపు బొమ్మ మన పక్షాన ఉన్నా అబద్ధమే, దాన్ని పంచొద్దు. అట్లని బుల్‌డోజరు ఏఐ కాదు గదా! ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులాపి, హైకోర్టు రిజిస్ట్రారును అక్కడికి పోయి చూసి రమ్మన్నది. ఆయన పోయి చూసిండు. పెద్ద పెద్ద యంత్రాలతో దాదాపు 100 ఎకరాలు చదును చేసిన్రని, నెమళ్లు, జింకలు ఉన్నయని రాసిచ్చిండు. ఇక్కడ కూడా నిజం తేలింది ఒక మనిషి కాళ్లతో నడిచి పోయి, కండ్లతో చూస్తేనే.

2020ని ‘కృత్రిమ మేధ సంవత్సరం’గా ప్రకటించింది ఈ రాష్ట్రమే. 2024 సెప్టెంబరులో దాని మీద ప్రపంచ సదస్సు పెట్టింది కూడా ఈ రాష్ట్రమే. పార్టీ మారినా మోజు మారలేదు. రిక్షా ఆయనకు కారుందని కంప్యూటర్ చెబితే అది సాక్ష్యం. అడవిలో జింక ఉందని మన పిల్లల ఫోన్ చెబితే అది కంప్యూటర్ మాయ. యంత్రం సర్కారు చేతిలో ఉంటే హరిశ్చంద్రుడు, మన చేతిలో ఉంటే మాయలఫకీరు.

చూసే కండ్లు ఎవరిని చూస్తయో కూడా గమనించాలె. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ఆకాశమంత కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచిన్రు. ఊరంతటి కెమెరాలు అక్కడి గోడల మీద కనబడతయట. రోడ్డు మీద పోయే మనిషిని ఆపి, ముఖం ఫోటో తీసి, నేరస్తుల ఫోటోలతో పోల్చే పద్ధతి మీద కూడా మసూదే కేసు వేసిండు. 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు ఆపి, మాస్కు తీయించి తన ఫోటో తీసుకున్నరని ఆయన ఫిర్యాదు. ఏ చట్టం కింద తీసిన్రని అడిగిండు. 2022 జనవరిలో హైకోర్టు నోటీసులిచ్చింది. పాతబస్తీలో, మన బస్తీల్లో పిల్లలను నిలబెట్టి ఫోటో తీసినంత సులువుగా జూబ్లీహిల్స్‌లో కారు దిగినాయన ముఖం తీస్తరా?

ఇంకో ముచ్చట. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలొచ్చినయ్, సర్కారు మారింది. మర్నాడు రాత్రి పోలీసుల నిఘా విభాగం ఆఫీసులోనే ఒక డీఎస్పీ సీసీ కెమెరాలు ఆపించి, ఫోన్ల మీద నిఘా సమాచారమున్న హార్డ్ డిస్కులు ధ్వంసం చేసిండని పోలీసులే కేసు పెట్టిన్రు. ముక్కలను మూసీలో పారేసినట్టు కూడా అందులో ఉంది. నేరం రుజువు కావడం కోర్టు పని. కాని ఒక పాఠం మనకు ఇప్పుడే దొరికింది: కెమెరా మీట ఎక్కడుంటదో నిఘా పెట్టేటోళ్లకు తెలుసు. నిఘాలో ఉన్నోళ్లకు తెలువదు.

పోనీ, మన దగ్గర తీసుకున్న సమాచారాన్ని భద్రంగా దాస్తున్నరా? 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1 లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు బజార్లో పరిచినట్టు కనబడ్డయి. వాటితోపాటు కులం, మతం కూడా! ఏ ఊళ్లో ఏ కులపోళ్ల ఇల్లు ఎక్కడుందో కూసున్న చోటి నుంచి వెతుక్కోవచ్చు. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఆ లిస్టు అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ సమాచారం దొంగల పాలయి అమ్మకానికొచ్చింది. హాక్ ఐ అంటే డేగ కన్ను. ఆ కేసులో పట్టుబడింది ఇరవై ఏండ్ల విద్యార్థి. ఊరందరినీ చూసే డేగ తన గూటిలో చేయి పెట్టినోన్ని చూసుకోలేకపోయింది.

భూమి సంగతి అందరికంటే మనకు ఎక్కువ తెలుసు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. పాత పహాణీలో దున్నేటోడి పేరుకు ఒక కాలమ్ ఉండేది. కొత్త కంప్యూటర్‌లో ఆ కాలమే మాయమైంది. కౌలుదారు, ఏండ్ల తరబడి కాస్తులో ఉన్నోడు కంప్యూటర్ దృష్టిలో గాలి. తప్పు పడితే సరిచేయించుకోవడానికి కలెక్టరు ఆఫీసు మెట్లెక్కాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు, ధరణి స్థానంలో భూభారతి తెచ్చిన్రు. రోజు మంచిదే ఎంచుకున్నరు. అసైన్డ్ పట్టా చేతబట్టుకొని తిరుగుతున్న మాల మాదిగ రైతు పేరు అందులో సరిగ్గా పడిందా లేదా అన్నదే మా పరీక్ష. తారీఖును బట్టి మేం మార్కులు వేయం.

ఇన్నిటికీ మూలం ఎక్కడుంది? వేదం విన్న శూద్రుని చెవిలో కరిగించిన సీసం పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. చదువు కాదు, వినడమే నేరం. మన గురించి రాసుకున్నది మనకు వినబడొద్దు, అంతే. సమగ్ర వేదిక పేర్లను ఎట్ల జత కడుతుందో చూపమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, తయారు చేసిన కంపెనీ హక్కులకు భంగమని జవాబిచ్చిన్రు. కంపెనీకి హక్కుంది. కార్డు పోయిన తల్లికి లేదు. 2023లో చేసిన డేటా రక్షణ చట్టంతో సమాచార హక్కు చట్టంలోని ఒక కీలకమైన సెక్షన్‌ను మార్చి, 2025 నవంబరులో అమలులోకి తెచ్చిన్రు. ‘వ్యక్తిగత సమాచారం’ అని ఒక్క మాటనేస్తే ఇప్పుడు అధికారి తలుపు మూసుకోవచ్చు. మన గుట్టు అంగట్లో, వాళ్ల గుట్టు పెట్టెలో. సీసం మారింది, చెవి అదే.

యంత్రాలు పగలగొట్టమని మేం చెప్పడం లేదు. బస్సొచ్చినప్పుడు, సినిమా హాలొచ్చినప్పుడు కులం కొంత బెదిరింది. టికెట్ కొన్నోడు కూసున్నడు. కంప్యూటర్‌నూ అట్లనే మన పక్కన కూసోబెట్టుకోవచ్చు. దానికి ఈ నేల మీదనే రుజువుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టిన్రు. కూలీ కుటుంబాల్లో చదువుకున్న పిల్లలే తనిఖీదారులయిన్రు. కంప్యూటర్ నుంచి మస్టర్లు తీసి, ఇంటింటికి పోయి, ‘అక్కా, నువ్వు ఇన్ని రోజులు పనిచేసినవని రాసుంది, నిజమేనా?’ అని అడిగిన్రు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదివిన్రు. చచ్చిపోయినోళ్ల పేరు మీద కూలి తీసుకున్న సంగతులు అక్కడ బయటపడ్డయ్. కంప్యూటర్ అదే, లెక్కా అదే. మారింది ఒక్కటే: రాసింది జనానికి చదివి వినిపించిన్రు, జనం చెప్పింది విన్నరు.

మన కులం లెక్క తీయమని ఏండ్లకేండ్లు అడిగింది మనమే. 2024 నవంబరులో ఇంటింటి సర్వే మొదలుపెట్టి, 2025 ఫిబ్రవరిలో ఎస్సీలు నూటికి 17.43, ఎస్టీలు 10.45 అని లెక్క చెప్పిన్రు. లెక్క కావాలె. అయితే నియమం ఒకటి ఉండాలె: అంకెలు అందరికీ తెరవాలె, పేర్లు ఎవరికీ చిక్కొద్దు.

కాబట్టి సంఘాల్లో పనిచేసే అన్నలు, అక్కలు ఈ పదిహేను రోజుల్లో చేయాల్సిన పనులు ఇవి:

ఒకటి. వాడవారీగా నోటుబుక్కు పెట్టండి. ఎవరి రేషన్ కార్డు పోయింది, ఎవరి పింఛన్ ఆగింది, ఎవరి ఓటు ఎగిరింది, ఏ నెల నుంచి, అడిగితే ఏం చెప్పిన్రు, అన్నీ రాయండి. సర్కారుకు సర్వరుంటే మనకు నోటుబుక్కుంది.

రెండు. నోటి మాటతో తిరిగి రావొద్దు. ‘ఏ రికార్డు చూసి, ఏ కారణంతో, ఏ తేదీన తొలగించారో తెలుగులో రాసివ్వండి’ అని తహసీల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. రేషన్ కార్డు అయితే 2022 నాటి సుప్రీంకోర్టు ఆదేశాన్ని అందులో రాయండి.

మూడు. పది చదివే పిల్లలను కూసోబెట్టి ఇంటింటి కాయితాలు చూపించండి. ఆధార్, బడి సర్టిఫికెట్, పట్టా, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకటే తీరుగ ఉన్నదా చూసి, తేడా ఉంటే సరిచేయించండి. పిల్లల చదువు తల్లిదండ్రుల అన్నానికి అక్కరకొచ్చే పని ఇది.

నాలుగు. ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు ఏ పనికి ఇస్తున్నరో, ఏ తేదీన ఇస్తున్నరో దాని మీదనే రాసి సంతకం పెట్టండి. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఐదు. గ్రామసభ ఉన్న ఊళ్లల్లో గ్రామసభలో, గోపన్‌పల్లి లెక్క కార్పొరేషన్‌లో కలిసిన చోట బస్తీ మీటింగులో, ఒక్కటే తీర్మానం చేయండి: నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వచ్చి చూడకుండా, మా మాట వినకుండా ఏ పేరూ తీసేయొద్దు. తీసేయదలచిన పేర్ల జాబితా, కారణాలతో సహా, ముందు మా మధ్యన చదవాలె.

ఇందులో కొత్త చట్టం అడిగింది లేదు, కోట్లు అడిగింది లేదు. శిక్ష వేసే ముందు మనిషి మాట వినాలన్నది రాజ్యాంగం నడిచే దేశంలో మొదటి పాఠం. దొంగతనం చేసినోనికి కూడా వకీలుంటడు, వాయిదా ఉంటది. బియ్యం పోయిన తల్లికి అంతపాటి విలువ కూడా లేదా?

పాత పట్వారీ పెత్తనం పోవడానికి ముందు మనోళ్లు అక్షరం నేర్చుకొని, పహాణీ నకలు అడిగి, దఫ్తరు విప్పమని కచ్చేరి ముందు నిలబడ్డరు. ఈ పట్వారీ ముందూ అట్లనే నిలబడాలె. మా గురించి ఏం రాసినవో చదువు. గట్టిగ చదువు. మేం వింటం, తప్పుంటే చెబుతం, చెప్పింది నువ్వు వినాలె.

జై భీమ్!